రెండు గాలుల మధ్య ఒక రిసార్ట్: భీమిలి దారిలో ఓపెన్ ఎయిర్ డిజైన్ కేస్ స్టడీ

రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్లే బీచ్ రోడ్డులో, రోడ్డుకు కొండ వైపున ఉన్న వాలు స్థలం ఇది. 24 గదులు, ఒక లాబీ, రెస్టారెంట్, చిన్న స్పా. యజమాని బాలి, ఫుకెట్‌లలో బస చేసి వచ్చారు. ఫోన్ నిండా ఫోటోలు. గోడల్లేని లాబీలు, ఆకాశం కనబడే స్నానాల గదులు, పొడవాటి చూరుల కింద భోజనాల బల్లలు. "ఇలాగే కావాలండీ, కాకపోతే మన సముద్రం ముందర" అన్నారు.

ఆర్కిటెక్ట్‌గా ఆ కోరిక నాకు నచ్చింది. మన తీరంలో చాలా హోటళ్లు నాలుగు వైపులా అద్దాలు బిగించి, లోపల ఏసీ నడిపి, అద్దంలోంచి సముద్రాన్ని చూపిస్తాయి. ఇంత దూరం వచ్చిన అతిథికి ఆ గాలే తగలకపోతే విశాఖ వచ్చి ఏం లాభం? అందుకని ఓపెన్ ఎయిర్ అన్న మాటకు వెంటనే ఒప్పుకున్నాను. ఆ ఫోటోలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు దించడానికి ఒప్పుకోలేదు.

కారణం భూగోళంలోనే ఉంది. బాలి భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 8 డిగ్రీల దగ్గర ఉంది. ఫుకెట్ ఉత్తరంగా సుమారు 8 డిగ్రీల దగ్గర ఉంది. భూమధ్యరేఖకు అంత దగ్గరలో తుపానుకు సుడి తిరిగే బలం సరిగా అందదు. పెనుతుపానులు అక్కడికి రావడం అరుదు. ఉష్ణమండలపు లగ్జరీ రిసార్ట్ అనగానే మనకు గుర్తొచ్చే రూపం ఎక్కువగా అలాంటి చోట్లే పెరిగింది. విశాఖ 17.7 డిగ్రీల దగ్గర, బంగాళాఖాతం తుపానుల దారిలో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఇక్కడే. ఆ రోజు ఎయిర్‌పోర్టు టెర్మినల్ ఏమైందో, కైలాసగిరి మీద చెట్లు ఏమయ్యాయో ఊళ్లో అందరికీ గుర్తే. కాబట్టి ఇక్కడ ఓపెన్ ఎయిర్ అంటే రెండు గాలులకు సమాధానం చెప్పాలి. ఒకటి రోజూ వీచే గాలి, అది లోపలికి రావాలి. రెండోది ఎప్పుడో అక్టోబరులోనో నవంబరులోనో వచ్చే గాలి, అది కప్పును ఎత్తుకుపోకూడదు. ఈ రెంటినీ విడివిడిగా చూస్తే ఒకదానికి చేసిన పని రెండోదానికి అడ్డం పడుతుంది. కలిపి చూస్తే రెండూ ఒకే తప్పును వేలెత్తి చూపిస్తాయి: ఒకే వైపు తెరిచిన గది. ఈ ప్రాజెక్టులో మా పనంతా ఆ తప్పు చుట్టూనే తిరిగింది.

సముద్రం ఒక వైపు, గాలి మరో వైపు

విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. సముద్రం ఆగ్నేయంలో ఉంటుంది. సముద్రపు గాలి సముద్రం నుంచి సూటిగా వస్తుందని అందరూ అనుకుంటారు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా, అంటే గాలి బాగా అవసరమైన నెలల్లో, ఇక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. అది తీరం వెంబడి ఏటవాలుగా వస్తుంది. అక్టోబరు తర్వాత దిశ మారి ఈశాన్యం నుంచి వీస్తుంది.

స్థలం పక్కన మత్స్యకారుల పేట ఉంది. సర్వే రోజున అక్కడి పెద్దాయన ఒకరు మా కాగితాల వైపు చూసి అన్నమాట నేను డ్రాయింగ్ మీద రాసుకున్నాను: "సముద్రం ఎదరే ఉంది గానీ బాబూ, గాలి ఎదర నుంచి రాదు. యారాడ కొండ వైపు నుంచి వస్తాది. కార్తీకం వచ్చాక తిరుగుతాది." వాతావరణ శాఖ గాలి లెక్కలు చెప్పేదీ అదే.

ఇప్పుడు మామూలు బీచ్ రిసార్ట్ ప్లాన్ గుర్తు చేసుకోండి. గదులన్నీ తీరానికి సమాంతరంగా ఒకే వరుసలో ఉంటాయి. ప్రతి గదికీ సముద్రం వైపు పెద్ద అద్దం తలుపు, బాల్కనీ. మిగతా మూడు వైపులా గోడలు, వెనక కారిడార్. నైరుతి గాలి ఆ వరుస ముఖం మీదుగా రాసుకుంటూ పోతుంది గానీ లోపలికి రాదు. వచ్చినా బయటికి పోయే దారి లేదు. గాలి రావాలంటే ముందు పోవాలి. తలుపు ఎంత పెద్దదైనా ఒకే వైపు ఉంటే, మంచం దగ్గర గాలి కదలదు. అతిథి కాసేపు చూసి తలుపు మూసి ఏసీ వేస్తాడు. అక్కడితో ఓపెన్ ఎయిర్ కథ అయిపోయింది.

మేము వరుసను విడగొట్టి గదులను రెండేసి గదుల కాటేజీలుగా చేశాం. ప్రతి కాటేజీనీ ఆగ్నేయం నుంచి దక్షిణం వైపు తిప్పి, ఒకదాని వెనక ఒకటి పడకుండా పక్కకు జరుపుతూ వాలు మీద పేర్చాం. గాలికి సరిగ్గా ఎదురుగా నిలబడాల్సిన పని లేదు. 30 డిగ్రీల వరకు పక్కకు తిరిగినా గాలి ప్రయోజనం పోదని నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా చెబుతుంది. ఆ వెసులుబాటు వల్ల సముద్రం చూపు పోలేదు, గాలీ అందింది. ముందు నుంచి వచ్చిన గాలి వెనక నుంచి పోవడానికి, కాటేజీకీ నడిచే దారికీ మధ్య చెట్లతో ఒక ఖాళీ పెట్టాం. నడిచేవాళ్లకు గది లోపల కనబడకుండా వెనక గోడకు మనిషి ఎత్తు దాటాక చెక్క లూవర్లు, అంటే సందుల్లోంచి గాలి ఆడే ఏటవాలు పలకలు, వచ్చాయి. స్నానాల గదికి ఆకాశం కనబడే చిన్న మండువా ఇచ్చాం. యజమాని ఫోటోల్లో అందం కోసం ఉన్న ఆ ఖాళీ మా ప్లాన్‌లో గాలి బయటికి పోయే గొట్టంగా పనిచేస్తుంది.

దక్షిణానికి తిప్పడంలో మరో లాభం వచ్చింది. పొద్దున్నే సముద్రం మీద నుంచి కళ్లలో కొట్టే ఎండ తగ్గింది. ఇక్కడ ఒక సంగతి చాలామంది మర్చిపోతారు. మన అక్షాంశంలో మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరం గోడకు ఎండ రాదులే అని చూరు తగ్గిస్తే సరిగ్గా ఎండలు ముదిరిన రోజుల్లో దెబ్బతింటాం. పడమర గోడకు మాత్రం కిటికీలే పెట్టలేదు. మే నెలలో పడమటి గాలి పట్టి సముద్రపు గాలి ఆలస్యమైన రోజున, ఆ గోడ మూసి ఉండటమే మేలు.

మూడు గోడల గది

పైన చెప్పిన మామూలు గదిని ఇప్పుడు తుపాను రోజున చూద్దాం. ఒక వైపు మొత్తం అద్దం, మూడు వైపులా గోడలు. అద్దం పగిలితే గాలి లోపలికి దూసుకొస్తుంది, బయటికి దారి లేక కప్పును కింద నుంచి తంతుంది. అదే సమయంలో కప్పు పైన వేగంగా పోయే గాలి దాన్ని పైకి లాగుతుంది. ఎదురుగాలిలో పట్టిన గొడుగు తిరగబడేది ఈ రెండు బలాలూ కలిసినప్పుడే.

దీన్ని లెక్కల్లో చెబితేనే యజమానులు నమ్ముతారు కాబట్టి లెక్క ఇస్తున్నాను. గాలి భారాల కోడ్ ఐ.ఎస్. 875 మూడో భాగం (2015) ప్రకారం విశాఖకు తీసుకోవాల్సిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గర ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. గోడల్లో ఖాళీలు 5 శాతం లోపు ఉన్న భవనానికి లోపలి ఒత్తిడి గుణకం, అంటే ఆ 150 కిలోల్లో ఎంత వంతు కప్పును లోపల నుంచి తోస్తుందో చెప్పే సంఖ్య, 0.2. ఖాళీలు 20 శాతం దాటితే 0.7. కప్పు పైన లాగే బలానికి ఉదాహరణగా 0.8 తీసుకుందాం. ఈ రెండు గుణకాలూ కూడితే, మూసిన భవనంలో పైకి లాగే మొత్తం బలం చదరపు మీటరుకు 150 కిలోల దగ్గర ఉంటే, తెరుచుకున్న గదిలో 225 కిలోలు అవుతుంది. మంగళూరు పెంకు కప్పు బరువు అందులో మూడో వంతు కూడా ఉండదు. చూరుల దగ్గర, మూలల దగ్గర లాగుడు ఇంకా ఎక్కువ. పైగా మాది వాలు స్థలం. కొండ వాలు ఎక్కేటప్పుడు గాలి వేగం పుంజుకుంటుంది. దానికి కోడ్‌లో వేరే గుణకం ఉంది, అది 1.36 దాకా పోతుంది. అందుకే చూపు బాగుంటుందని యజమాని అడిగిన కొండ అంచు మీద ఏమీ కట్టలేదు. కాటేజీలన్నీ దాని కింద వాలులోనే ఆగాయి.

అంటే ఒకే వైపు తెరిచిన గది రోజువారీ గాలికీ పనికిరాదు, తుపానుకూ పనికిరాదు. ఈ మాట యజమానికి చెప్పినప్పటి నుంచి చర్చ సులువైంది. మేము ఒక నియమం పెట్టుకున్నాం: ఈ స్థలంలో ఏ కట్టడమైనా పూర్తిగా తెరిచి ఉండాలి, లేదా ఎదురెదురుగా తెరుచుకుని పూర్తిగా మూసుకోగలగాలి. మధ్యస్థం వద్దు.

లాబీ, రెస్టారెంట్ మొదటి రకం. గోడల్లేవు, స్తంభాలు, కప్పు మాత్రమే. లోపల ఒత్తిడి నిలవడానికి చోటే లేదు. పైకి లాగే బలాన్ని స్తంభాలు పునాదిలోకి దించాలి. ఇక్కడ పునాది బరువు మోయడం కంటే కప్పు ఎగిరిపోకుండా పట్టుకోవడమే పెద్ద పని. వాసాల నుంచి దూలాలకు, దూలాల నుంచి స్తంభాలకు, అక్కడి నుంచి పునాదికి ఎక్కడా తెగకుండా బోల్టులు, పట్టీలు సాగాలి. ఒక్క చోట మేకులతో సరిపెట్టినా మిగతా ఖర్చంతా వృథా.

గదులు రెండో రకం. పైన నాలుగు వైపులా వాలిన కాంక్రీటు స్లాబు, దాని మీద పెంకు. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పును గాలి తక్కువ లాగుతుంది. తలుపులకు అద్దం బదులు గట్టి చెక్క లూవర్ రెక్కలు, పైనా కిందా గడియలు. అన్నీ బిగిస్తే గది మూసిన పెట్టె అవుతుంది. తుపాను రాత్రి అతిథి ఆ గదిలోనే ఉండొచ్చు.

చూరు దగ్గర మాత్రం చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. ఎండకీ జల్లుకీ పొడవాటి చూరు కావాలి. తుపానుకు పొట్టి చూరు కావాలి. దారి చూపించింది ఉత్తరాంధ్ర చుట్టిళ్లు. గుండ్రటి మట్టి గోడ, శంకువులా దిగి దాదాపు నేలను తాకే తాటాకు కప్పు. వంగి లోపలికి వెళ్లాలి. గాలి పట్టుకోవడానికి ఆ కప్పుకు అంచు దొరకదు. మేము గుండ్రటి ఆకారాన్ని తీసుకోలేదు, తీసుకుంటే అలంకారమే అయ్యేది. తీసుకున్నది రెండు విషయాలు. ఒకటి, చూరు కింది అంచు తక్కువ ఎత్తులో ఉండటం. రెస్టారెంట్‌లో దాన్ని 2.1 మీటర్లకు దించాం. యజమానికి చూపు పోతుందని భయం వేసింది. తీరా కూర్చుని చూస్తే పోయింది ఆకాశం వెలుగు మాత్రమే. కళ్లు చికిలించకుండా సముద్రాన్ని చూడొచ్చు. అంచు తక్కువలో ఉంటే ఏటవాలు జల్లు కూడా లోపలికి తక్కువ దూరం వస్తుంది.

రెండోది వసారా. గది స్లాబు చూరును పొట్టిగా ఆపేసి, వసారాకు వేరే కప్పు వేశాం. సరుగుడు స్తంభాలు, వెదురు వాసాలు, పైన తాటాకు. అది ప్రధాన కప్పుకు ఎక్కడా కలవదు. పెనుగాలి వస్తే వసారా పోవచ్చు, పోతూ గది కప్పును మాత్రం పట్టుకుపోదు. తాటాకును ఎలాగూ రెండు మూడేళ్లకోసారి మార్చాలి. ఆ పని చుట్టుపక్కల ఊళ్లలో తెలిసినవాళ్లున్నారు, వాళ్లకు క్రమం తప్పకుండా పని దొరుకుతుంది. సస్టెయినబుల్ అన్న మాటకు నాకు తెలిసిన అర్థాల్లో ఇది ముఖ్యమైనది: పాడయ్యే భాగం పక్క ఊళ్లో దొరికే సరుకుతో, పక్క ఊరి మనిషి చేతితో బాగుపడాలి.

ఏసీ గురించి నిజం మాట్లాడుకుంటే

ఏసీ లేకుండా విశాఖలో లగ్జరీ రిసార్ట్ నడవదు. నేనూ ఆ వాదన చేయను. ఆ గాలి రాని మే నెల రాత్రి, ఉక్కపోతలో పదిహేను వేలు కట్టిన అతిథికి సిద్ధాంతాలు చెప్పలేం. పడకగదుల్లో ఏసీ ఉంది. లాబీలో, రెస్టారెంట్‌లో, నడిచే దారుల్లో లేదు.

అసలు సమస్య ఏసీ, తెరిచిన తలుపు కలిసినప్పుడు వస్తుంది. బయట 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే ఆ గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలు. గదిని 20 డిగ్రీలకు చల్లబరిచి, సముద్రం చూద్దామని తలుపు తీస్తే గోడలు, అద్దాలు, పరుపులు అన్నిటి మీదా నీరు పడుతుంది. కొన్నాళ్లకు బూజు, ముక్కవాసన. తీరపు హోటళ్లలో గది తలుపు తీయగానే వచ్చే వాసనకు కారణం చాలాసార్లు ఇదే. అందుకని తలుపు రెక్క తీస్తే ఏసీ ఆగిపోయే స్విచ్ పెట్టాం, థర్మోస్టాట్‌ను 26 దగ్గర ఉంచాం, మంచం పైన ఫ్యాన్ తప్పనిసరి చేశాం. ఫ్యాన్ గాలి ఒంటికి తగిలితే రెండు మూడు డిగ్రీల చల్లదనం తోస్తుంది. తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్ 30 వాట్ల దగ్గర నడుస్తుంది, పాత ఫ్యాన్‌కు 75 కావాలి.

లాబీలో చల్లదనం కోసం నీటి తుంపర్లు పెడదామని ఒక సలహా వచ్చింది. రాజస్థాన్‌లో అది అద్భుతంగా పనిచేస్తుంది. ఇక్కడ గాలిలో ముందే అంత తేమ ఉంటే నీరు ఆవిరయ్యేదెక్కడ? తుంపర్లు ఒంటి మీద జిడ్డే మిగులుస్తాయి. అలంకారపు కొలనులూ వద్దన్నాం. నిలిచిన నీరు మన దగ్గర దోమలకు ఇల్లు. తెరిచిన రెస్టారెంట్‌ను దోమ ఒక్క వారంలో మూయించగలదు. గాలి బాగా ఆడే చోట, ఫ్యాన్ తిరిగే చోట దోమ నిలవలేదు, కాబట్టి బల్లలన్నీ ఫ్యాన్‌ల కింద పడేలా అమర్చాం.

ఉప్పు, ఎర్రమట్టి, నీళ్లు

ఉప్పు గాలి సంగతి క్లుప్తంగా చెబుతాను. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు ఇక్కడ తుప్పు మచ్చలు పడతాయి, బయట వాడేవన్నీ 316 రకం. కప్పు పట్టీలు, బోల్టులు వేడి జింకులో ముంచినవి. కాంక్రీటుకు సముద్రపు తుంపర తగిలే చోటు అని లెక్కగట్టి ఎం35 గ్రేడు, లోపలి ఇనుప కమ్మీ మీద 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు. వెదురును బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టకుండా సైటుకు రానివ్వలేదు. వీటిలో ఏ ఒక్కటీ ఫోటోలో కనబడదు, అందుకే ఖర్చు తగ్గించమన్నప్పుడు అందరి చూపూ ముందు వీటి మీదే పడుతుంది. వీటిని కాపాడుకోవడానికి ఇటాలియన్ మార్బుల్‌ను వదులుకుని కడప రాయి వేశాం. చెప్పులు లేకుండా నడిచే చోట అదే బాగుంది కూడా.

నేల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను చూసినవాళ్లకు తెలుసు, ఆ మట్టిలో వాననీరు ఒకసారి దారి చేసుకుంటే లోయలు కోస్తుంది. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. మా వాలులో మట్టి అదే తరహాది. దాన్ని మెట్లుగా కోసి చదును చేస్తే మొదటి అక్టోబరు వానకే రోడ్డు మీదికి జారేది. శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా 1990ల మొదట్లో దంబుల్లా దగ్గర కండలమ హోటల్‌ను కొండను చదును చేయకుండా స్తంభాల మీద నిలబెట్టారు, కొండ మీది నీరు భవనం కింద నుంచి పారుతుంది. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఆ మర్యాద. మేమూ కాటేజీలను పొట్టి స్తంభాల మీద ఉంచాం. ఉన్న మొగలి పొదలను, సరుగుడు చెట్లను కదపలేదు. రోడ్డు అవతలి ఇసుక దిబ్బల జోలికి వెళ్లలేదు. తీర నియంత్రణ నోటిఫికేషన్ ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన తరగతిలో ఉంచింది, ఉంచకపోయినా వెళ్లేవాళ్లం కాదు. అలలకూ మనకూ మధ్య నిలబడే మొదటి గోడ అదే.

నీటి లెక్క యజమానిని ఆలోచనలో పడేసింది. కప్పులన్నీ కలిపి సుమారు 2,400 చదరపు మీటర్లు. ఏడాది వాన సుమారు ఒక మీటరు అనుకుని, వృథా పోగా 80 శాతం పట్టగలిగితే 19 లక్షల లీటర్లు. అయిదు నక్షత్రాల హోటల్‌కు నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పే వాడకం మనిషికి రోజుకు 320 లీటర్లు. 48 మంది అతిథులకు రోజుకు పదిహేను వేల పైచిలుకు. పడిన ప్రతి చుక్కనూ దాచినా నాలుగు నెలలకే సరిపోతుంది, అంత దాచే ట్యాంకు కట్టడం కుదరదు. తీరానికి ఇంత దగ్గరలో బోరు తోడితే ఉప్పునీరు లోపలికి జరుగుతుంది, పేట బావులు పాడవుతాయి. కాబట్టి వాన ట్యాంకుతో పాటు వాడకం తగ్గించే కుళాయిలు, శుద్ధి చేసిన నీరే ఫ్లష్‌లకూ తోటకూ, పచ్చిక మైదానం అసలు లేకపోవడం అన్నీ కలిస్తేనే లెక్క కుదిరింది. ఇదే దారిలో తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు రాతిలో తొట్లు తొలిచి వాననీరు దాచుకున్నారు. సైటుకు వచ్చిన ప్రతి ఇంజనీరునూ ముందు అక్కడికి తీసుకెళ్లాను.

దీపాల గురించి ఒక మాట. జనవరి నుంచి వేసవి మొదటి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు బయటికొచ్చాక వెలుగున్న వైపు పాకుతాయి. చీకట్లో సముద్రమే వెలుగు, పక్కన హోటల్ ఉంటే హోటల్ వెలుగు. గోడల్లేని కట్టడం రాత్రిపూట పెద్ద దీపంలా ఉంటుంది కాబట్టి ఓపెన్ ఎయిర్ కట్టేవాళ్లకు ఈ బాధ్యత రెండింతలు. దీపాలన్నీ పసుపు కాషాయ రంగువి, మోకాలి ఎత్తులో, కిందికి మాత్రమే వెలుగు పడేలా, సముద్రం వైపు మూత వేసి పెట్టాం. తెల్లటి ఫోకస్ లైటు ఒక్కటీ లేదు. అతిథులకు నక్షత్రాలు కనబడుతున్నాయి, దాని గురించి వాళ్లు రాసే మాటలు చదివినప్పుడు నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

వాడకంలోకి వచ్చాక

వర్షాకాలంలో ఈదురు జల్లు వచ్చినప్పుడు రెస్టారెంట్ అంచు వరుస తడుస్తుంది. అది మొదటి నుంచీ అనుకున్నదే. అంచున తేలికపాటి కుర్చీలు పెట్టాం, సిబ్బంది వాటిని లోపలికి లాగుతారు. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి హెచ్చరిక వస్తే ఎవరు ఏం చేయాలో స్టోర్ రూమ్ గోడ మీద తెలుగులో రాసి ఉంది: ముందు కాన్వాసు తెరలు, తర్వాత విడి సామాను, తర్వాత ఖాళీ గదుల లూవర్లు, చివరగా అతిథుల గదులు. ఏటా సెప్టెంబరులో ఇది ఒకసారి చేసి చూడాలని మెయింటెనెన్స్ ఒప్పందంలోనే పెట్టించాను. డ్రాయింగ్‌లో ఎంత మంచి గడియ గీసినా, ఉప్పు పట్టి బిగుసుకుపోతే ఆ రాత్రి పనికిరాదు.

సెప్టెంబరు చివర్లో గాలి దిశ మారే ముందు కొన్ని సాయంత్రాలు ఆకు కదలదు. ఆ రోజుల్లో లాబీలో ఫ్యాన్‌లే దిక్కు, కొందరు అతిథులు ఇబ్బంది పడుతున్నారు. దీన్ని చూసి యజమాని ఇప్పుడు రెస్టారెంట్‌కు సముద్రం వైపు అద్దాలు వేయమంటున్నారు, పెళ్లి విందులకు ఏసీ హాలు కావాలని. ఆయన ఇబ్బంది నిజమైనదే. కానీ ఆ కప్పు, ఆ పునాదులు నాలుగు వైపులా తెరిచిన మండపానికి లెక్కగట్టినవి. ఒక వైపు అద్దం, వెనక వంటగది గోడ వస్తే అది మళ్లీ మూడు గోడల గదే. మేము ఇచ్చిన ప్రత్యామ్నాయం వేరు: మండపం అలాగే ఉంటుంది, వెనక విభాగంలో గదుల మాదిరిగా ఎదురెదురుగా చెక్క రెక్కలతో పూర్తిగా మూసుకునే చిన్న హాలు, దానికి సొంత కాంక్రీటు కప్పు, సొంత పునాది. ఖర్చు అద్దాల కంటే ఎక్కువ. సముద్రం వైపు ఒక్కదాన్నే మూసే పని చేయలేనని యజమానికి రాతపూర్వకంగా ఇచ్చాను, స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కలతో సహా సంతకం పెట్టారు. యజమాని ఒప్పుకున్నారు. వెనక హాలుకు మట్టి పరీక్షలు జరుగుతున్నాయి.